నెయ్యి వెయ్యని అచ్చులు

మూసాపేట, హైదరాబాదు
ఫిబ్రవరి 1999

ప్రియమైన వదినకు,

సెలీనా వందనాలు. అన్నయ్యకూ పిల్లలకూ, ముఖ్యంగా నీ గేదె రాణికీ కూడా. రాణి క్షేమం అడక్కపోతే నువ్వు ఉత్తరం చివరిదాకా చదవవని నాకు తెలుసు.

నేను కులాసా. పొద్దున్నే మూసాపేటలో బస్సెక్కి, కూకట్‌పల్లిలో మారి, హైటెక్ సిటీ దాకా కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోతున్నాను. చుట్టూ బండరాళ్ళు, మేకలు, మధ్యలో గుండ్రటి అద్దాల మేడ. మేడ బయట ఎండకి మాడిపోతాం, లోపల ఏసీకి స్వెట్టరు వేసుకుంటాం. రెండువేల సంవత్సరం రాగానే ఫ్యాక్టరీల్లో కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయట. అలా జరక్కుండా సిమెంటు ఫ్యాక్టరీల యంత్రాలను ముందే పరీక్షించే పని మాది. జర్మనీ నుంచి కార్‌స్టెన్ గారని ఒక పెద్ద ఇంజనీరు వచ్చాడు. ఆయనా, నేనూ, డ్రైవరు నర్సయ్యా వారం వారం జీపులో తాండూరు వైపు పోయివస్తున్నాం.

ఇప్పుడు నీతో పని పడింది. ఈ కార్‌స్టెన్ గారు మాంసం, గుడ్డు ఎటూ తినడు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి కూడా ముట్టడు. చివరికి తేనె కూడా. ఎందుకన్నది పెద్ద కథ, తీరిగ్గా రాస్తాను. దారిలో ఏ హోటల్లో ఏది అడిగినా నెయ్యో పెరుగో పడనిది లేదు. మొన్న అరటిపళ్ళ మీదే రోజంతా ఉండి, ఫ్యాక్టరీలో కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. ఆ పూట పరీక్ష ఆగిపోయింది. మా మేనేజరు సురేంద్ర గారిది అనంతపురం. నన్ను పిలిచి, "ఇంక ఆయప్ప తిండి నీ పూచీనమ్మా" అన్నారు. నన్ను ఉద్యోగంలో ఖాయం చెయ్యాలా, ఇంటికి పంపాలా అని రిపోర్టు రాసేది ఆ ఆయప్పే.

అందుకని నువ్వు వేరుశనగ అచ్చు చేస్తావు చూడు, అలాంటిదే కాస్త బలంగా, ప్రయాణంలో పాడవకుండా, ఖర్జూరం కూడా వేసి చేసి పంపాలి. చుక్క నెయ్యి ఉండకూడదు. మా వదిన చేస్తుంది, దానికి నాదీ హామీ అని ఆయనకి మాటిచ్చాను. పాస్టరుగారింటికి ఫోను చేద్దామనుకున్నాను కానీ, ఆ ఫోనులో ఏం మాట్లాడినా ఆదివారానికి ప్రసంగంలో వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

నీ మరదలు
సెలీనా

చీరాల
మార్చి 1999

మా సెలీనమ్మకు దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివి వినిపించాడు. మజ్జిగ కూడా దిగని మనిషి ఈ ఎండల్లో ఎలా బతుకుతున్నాడమ్మా? అంత దూరదేశం నుంచి వచ్చి, అంత చదువు చదివి, ఇంత పెరుగన్నానికి నోచుకోలేదు. పెద్ద కథ అని రాసి ఊరుకున్నావు. నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది. పెద్ద జబ్బులకే పెద్ద కథలుంటాయి.

అచ్చులు చేశాను. నువ్వెప్పుడైనా పొయ్యి వెలిగిస్తే పనికొస్తుందని ఎలా చేశానో రాస్తున్నాను. వేరుశనగ గుళ్ళు సన్నసెగ మీద దోరగా వేయించి, చేటలో చెరిగి పొట్టు తీసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. నువ్వులు చిటపటమనగానే దించెయ్యాలి, ఆలస్యం చేస్తే చేదెక్కుతాయి. మెత్తటి ఖర్జూరాలు గింజ తీసి నూరుకోవాలి. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండకట్టేదాకా ఉంచి, అందులో ఖర్జూరం ముద్ద, గుళ్ళు, నువ్వులు, పిడికెడు వేయించిన అటుకులు, ఏలకులు, శొంఠి వేసి గబగబా కలపాలి. పళ్ళెంలో పరిచి వేడిమీదే గిన్నె అడుగుతో అదిమి ముక్కలు కొయ్యాలి. చల్లారాక కోద్దామనుకుంటే మీ అన్నయ్యతో సుత్తి తెప్పించాల్సొస్తుంది. ఖర్జూరం ఉంటుంది కాబట్టి మామూలు అచ్చులా పళ్ళూడగొట్టవు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ మనిషి సంగతి నాకు వదిలెయ్యి.

ఇంకో మాట. బుధవారం స్త్రీల కూడికలో ఆయన కోసం ప్రార్థన చెయ్యమని చీటీ ఇచ్చాను. పేరు పలకడం రాక "పాలు పడని విదేశీ సహోదరుని స్వస్థత కొరకు" అని రాయించాను. పాస్టరమ్మ అనసూయమ్మగారు ఎంత భారంతో చేశారంటే, పెరుగమ్మే కనకలక్ష్మి వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడకి అందరికన్నా బాగా అర్థమవుతుంది కదా, పెరుగు తినలేకపోవడమంటే ఏమిటో.

రాణి ఇప్పుడు చూలుతో ఉంది. నెల తప్పకుండా ఉత్తరం రాయి.

మీ వదిన
మార్తమ్మ

మూసాపేట
మార్చి 1999

బంగారు వదినకు,

నీ అచ్చులు గెలిచాయి. తాండూరులో నాపరాళ్ళ గనుల పక్కన, ఎండ నెత్తిన కొడుతుంటే కార్‌స్టెన్ గారు జేబులోంచి ఒక్కో ముక్కా తీసుకుని తింటూ సాయంత్రం దాకా నిలబడి పనిచేశాడు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. నడుం నొప్పని కూర్చున్నది నేను. తన దేశంలో ఇలాంటివి కాగితాల్లో చుట్టి దుకాణాల్లో అమ్ముతారట, అవి అట్టముక్కల్లా ఉంటాయని, ఇంత బాగా ఉన్నది ఎప్పుడూ తినలేదని అన్నాడు. ఇందులో ఈ కమ్మటి వాసన దేనిదని అడిగితే ఏలకులని చెప్పాను. నర్సయ్యకి కూడా నచ్చి, రెండో ట్రిప్పుకి డబ్బా ఎక్కిందా లేదా అని నాకన్నా ముందు వాకబు చేశాడు.

మా ఇంటి ఓనరు కొమురమ్మకు ఒక ముక్క పెట్టాను. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని, "మీ చీరాలోళ్ళు నెయ్యికి జర గూడ ఎనకాడరు బిడ్డా" అంది. నెయ్యి లేదంటే నా మొహం చూసి నవ్వింది. పళ్ళులేని మనిషి, రుచేం తెలుస్తుందని ఊరుకున్నాను.

వదినా, ఆయనకు జబ్బేమీ లేదు. అది ఆయన పెట్టుకున్న నియమం. దయచేసి ఆ ప్రార్థన చీటీ వెనక్కి తీసుకో. అనసూయమ్మగారు ఉపవాస ప్రార్థన దాకా పోకముందే ఆపు. ఇంకో రెండు డబ్బాలు మాత్రం తప్పకుండా పంపు.

సెలీనా

చీరాల
ఏప్రిల్ 1999, ఈస్టరు తర్వాత

మా సెలీనమ్మకు,

దేవుడికి స్తోత్రం. నీ ఉత్తరం చదివి మోకరించి లేచి, మళ్ళీ చదివి మళ్ళీ మోకరించాను.

ఇక దాచను. అచ్చుల్లో నెయ్యి వేశాను. మొదటి డబ్బాలో పళ్ళేనికి రాసి, పాకంలో ఒక గరిటె వేశాను. తర్వాతి డబ్బాల్లో ఇంకాస్త ధైర్యం చేశాను. కోప్పడకు. నా ఇంట్లోంచి తినే వస్తువు నెయ్యి లేకుండా ఎలా వెళుతుందో నువ్వే చెప్పు. మా పిన్ని కూతురి పెళ్ళిలో విస్తట్లో నెయ్యి పడలేదని వియ్యాలవారు చేతులు కడుక్కుని లేచిపోతే మా బాబాయి వీధి చివరిదాకా బతిమాలుకుంటూ పరిగెత్తడం నా కళ్ళతో చూశాను. పైగా అది రాణి నెయ్యి. రాణి నెయ్యికి అరగని జబ్బుంటుందా అని చెయ్యి దానంతటదే వెళ్ళింది.

ఆయన నెల రోజులుగా తింటున్నాడు. కూలబడ్డ మనిషి నిలబడ్డాడు. ఇది ప్రార్థన కాకపోతే మరేమిటి? జబ్బు లేదని నువ్వు రాశావు, జబ్బున్న ప్రతివాడూ అదే అంటాడు. ఈస్టరునాడు గుడిలో లేచి సాక్ష్యం చెప్పాను. పాలు పడని సహోదరుడు ఇప్పుడు నెయ్యి తిని సిమెంటు ఫ్యాక్టరీలో నిలబడుతున్నాడని చెప్పగానే చప్పట్లతో రేకులు అదిరాయి. మా పెళ్ళయ్యాక మీ అన్నయ్య నన్ను చూసి అంత గర్వపడటం అదే మొదటిసారి.

వచ్చే వారం స్త్రీల మహాసభలకు అనసూయమ్మగారూ మన సమాజంవాళ్ళూ వ్యానులో హైదరాబాదు వస్తున్నారు. నీ ఆఫీసుకే వచ్చి ఆయన్ను కళ్ళారా చూస్తామన్నారు. రాణి ఈనే రోజులు కాబట్టి నేను రాలేను. గేటు దగ్గర వాళ్ళని కాస్త చూసుకో.

మార్తమ్మ

మూసాపేట
ఏప్రిల్ 1999

వదినా,

ఎంత పని చేశావు.

రాయకుండా దాచుకున్న పెద్ద కథ ఇప్పుడు రాస్తున్నాను, విను. ఆయన తాతకు వాళ్ళ ఊళ్ళో పెద్ద పాల డెయిరీ ఉండేదట. అక్కడ దూడ పుట్టగానే తల్లి దగ్గర్నుంచి తీసుకుపోయి వేరే కొట్టంలో కట్టేసేవారట. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అక్కడ పడుకుంటే తల్లులు అరిచే అరుపు ఆగేది కాదట. ఆ సెలవుల్లోనే పాలు మానేశాడు, ఈ రోజుకీ ముట్టలేదు. ఆయనకున్న జబ్బు ఇదీ. మొదట్లోనే నీకు రాద్దామంటే, రాణి పాల మీద నడిచే ఇంటికి ఆ మాట ఎలా రాయనని చెయ్యి ఆడలేదు.

ఇన్నేళ్ళు కాపాడుకున్న నియమాన్ని నీ గరిటె చెడగొట్టింది. దానికి హామీ ఉన్నది నేను. చుక్క లేదని ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను. అది నెయ్యి వాసనైతే ఏలకులన్నాను. ఇప్పుడు ఆయనకి చెబితే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. చెప్పకపోతే ప్రతి వారం జీపులో ఆయన పక్కన కూర్చుని ఎటు చూడాలో తెలియదు. చెప్పేస్తాను. ముందు నువ్వు ఆ వ్యాను ఆపు. ఆయన జబ్బు నయమైందని పాటలు పాడటానికి వస్తే నేను ఏ బండరాయి వెనక దాక్కోవాలి?

సెలీనా

చీరాల
ఏప్రిల్ 1999

సెలీనా గారికి,

మీ ఉత్తరం అందింది.

నా గరిటె తప్పు చేసింది, కాదనను. కానీ ఒకటి అడుగుతాను. రాణి ఇంతకుముందు ఈనిన దూడల్ని మీరు చూశారు కదా. అవి కడుపునిండా తాగకముందు నేను చెంబు పట్టుకోవడం ఎప్పుడైనా చూశారా? ఆ తాత చేసిన పనికీ నా పనికీ తేడా ఉందని మీరైనా ఆయనకి చెప్పి ఉండాల్సింది. నాకే చెప్పలేదు, ఆయనకేం చెబుతారు. మార్తమ్మకి పాలూ పేడా తప్ప ఏం తెలుసులే అనుకున్నారు. నిజం ముందే రాసి ఉంటే ఏడ్చేదాన్నేమో గానీ, నెయ్యి వేసేదాన్ని కాదు.

వ్యాను ఆపడం నా వల్ల కాలేదు. నిన్ననే బయలుదేరారు. గుమ్మం దాకా వెళ్ళి, అనసూయమ్మగారి సంతోషం చూసి నోరు రాక వెనక్కి వచ్చాను. చెబితే గుడిలో అందరి ముందూ నేను అబద్ధాలకోరునవుతాను. మీరు ఏం చెప్పదలుచుకున్నారో మీ ఇష్టం.

మార్తమ్మ

మూసాపేట
మే 1999

నా వదినకు,

నన్ను మీరూ గారూ అని మాత్రం రాయకు. దానికన్నా నాలుగు తిట్టు.

ముందు కార్‌స్టెన్ గారి సంగతి. తాండూరు నుంచి వస్తుంటే జీపులోనే చెప్పాను. ఎవరూ ఆపమనకుండానే నర్సయ్య బండి ఆపేశాడు. కార్‌స్టెన్ గారు దిగి రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్ళ మీద కూర్చున్నాడు. నేను నీ తరఫున చెప్పుకుంటూ పోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"నెయ్యి వేసినావిడ నాకు మాట ఇవ్వలేదు. మాట ఇచ్చింది నువ్వు. చేస్తుండగా చూడనిదానికి ఎలా ఇచ్చావు?"

వదినా, నేను టెస్టర్ని. ఇంకొకరు బాగుందన్నదాన్ని నమ్మకుండా నేనే పరీక్షించి చూడటమే నా ఉద్యోగం. హైదరాబాదులో నన్ను దించేటప్పుడు నర్సయ్య, "ఫికర్ చెయ్యకు మేడమ్, ఆయన తిట్టిండంటే ఇంక లోపల పెట్టుకోడు" అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులకే మనవాళ్ళు దిగారు. తెల్లచీరల్లో వ్యాను నిండా ఆడవాళ్ళు, ఒళ్ళో పాలకోవా బుట్ట. సెక్యూరిటీ అతను పుస్తకం తెరిచి, వచ్చిన పని ఏమిటని అడిగితే అనసూయమ్మగారు "స్వస్థత అని రాయి నాయనా" అన్నారు. అతను రాశాడు కూడా. ఆ మాట పైదాకా వెళ్ళి, సురేంద్ర గారు ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని మెట్లమీద పరిగెత్తుకుంటూ దిగారు. వెనకే కార్‌స్టెన్ గారు. నేను ఎవరి వెనకా నక్కడానికి వీల్లేక మధ్యలో నిలబడ్డాను, ఇంగ్లీషు, తెలుగు రెండూ వచ్చిన పాపానికి.

అనసూయమ్మగారు ఆయన్ను ఆపాదమస్తకం చూసి, "బాగా కోలుకున్నావు బాబూ" అని కోవా అందించారు. ఆయన నావైపు చూశాడు. నేను నీ ముఖం తలుచుకున్నాను. ఆయన బాగున్నారట, డాక్టరు ఇంకా కోవా తినొద్దన్నారట అంటే అయిపోయేది. అందరూ నవ్వుతూ వ్యానెక్కేవారు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొదటిది మింగడానికే ఇంత కష్టమైతే రెండోది ఎలాగనిపించింది.

"ఆయనకి ఏ జబ్బూ లేదండీ. మా వదిన కల్పించింది కాదు. ఆయన పాలు ఎందుకు మానేశాడో నేను ఆమెకి రాయకుండా దాచాను. తెలియక జబ్బనుకుంది. తప్పు నాది" అన్నాను.

"అయితే మేం ఇన్నాళ్ళూ ఎవరి గురించి మొరపెట్టాం?" అన్నారు అనసూయమ్మగారు. ఆ మాట కార్‌స్టెన్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఇంతమంది ఎప్పుడూ చూడని తన గురించి రెండు నెలలుగా వారం వారం దేవుడితో మాట్లాడారని అర్థమయ్యేసరికి ఆయన ముఖం మారిపోయింది. ఏం అడిగారో చెప్పమన్నాడు. ఆకలేస్తే తినగలగాలని, దూర దేశంలో ఒంటరివాడు కాకూడదని అడిగామన్నారు వాళ్ళు. అప్పుడు ఆయనే తాత కొట్టం సంగతంతా చెప్పాడు, నేను తెలుగులో చెబుతూ పోయాను.

మనవాళ్ళు నొచ్చుకుంటారని భయపడ్డాను. కనకలక్ష్మి ముందుకొచ్చింది. "మా వీధిలో దూడ చచ్చిపోతే దాని చర్మంలో గడ్డి కూరి గేదె ముందు నిలబెడతాం బాబూ. అది దాన్ని నాకుతుంటే పాలు పిండుకుంటాం. నేను మాత్రం ఆ వైపు చూడను, తల తిప్పుకునే పిండుతాను" అంది. నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తికాకముందే ఆయన రెండు చేతులూ జోడించాడు.

జబ్బు లేకపోతే పోయింది, ప్రయాణాలున్నాయి కదా అని అనసూయమ్మగారు అక్కడే గేటు దగ్గర మా ముగ్గురి ప్రయాణాల కోసం ప్రార్థన చేశారు. సురేంద్ర గారు అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నారు. కోవా బుట్ట కూడా ఆయనకే చేరింది.

నా రిపోర్టు వచ్చింది. ఈ అమ్మాయి తన పొరపాటును ఎవరూ పట్టుకోకముందే చెబుతుంది, ఇకమీదట చూడనిదాన్ని బాగుందని అనదు, కాబట్టి ఉంచుకోండి అని కార్‌స్టెన్ గారు రాశాడు. నన్ను ఖాయం చేశారు.

గుడిలో నీకు ఏమైందో తెలియక నాకు అన్నం సయించడం లేదు. ఒక్క ముక్క రాయి.

నీ సెలీనా

చీరాల
మే 1999

మా బంగారు సెలీనమ్మకు,

వ్యాను దిగగానే అనసూయమ్మగారు నేరుగా మా ఇంటికే వచ్చారు. ఏం అంటారోనని నేను కొట్టంలో రాణి వెనక నిలబడ్డాను. అంత మంది ముందు, నీ పై అధికారుల ముందు, మీ మరదలు మీ తప్పు తన నెత్తిన వేసుకుందని చెప్పి, ఇంక మీ ఇష్టమని వెళ్ళిపోయారు. ఆవిడ నాలుగు మాటలని ఉంటే నాకు బాగుండేది.

ఆదివారం నేనే లేచాను. అడ్డం తిరిగిన సాక్ష్యం చెప్పడం అంత తేలికేం కాదమ్మా. ఆ సహోదరుడికి జబ్బు లేదు, వద్దన్నది పెట్టిన జబ్బు నాది, మా సెలీనాది కాదు అని చెప్పి కూర్చున్నాను. ఈసారి చప్పట్లు లేవు. మీ అన్నయ్య తెల్లకాగితంలా అయిపోయాడు. కానీ బయటికి వస్తుంటే ముసలివాళ్ళు నలుగురు చెయ్యి పట్టుకున్నారు. ఈస్టరు రోజున ఎవరూ పట్టుకోలేదు.

ఆయన కోసం మళ్ళీ చేశాను. అనసూయమ్మగారిని పిలిచి పొయ్యి పక్కన పీటేసి కూర్చోబెట్టాను, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేక. పళ్ళేనికి నువ్వుల నూనె రాశాను. ఆవిడ మొదటినుంచి చివరిదాకా రెప్పవెయ్యకుండా చూసి, ఇందులో నెయ్యి లేదని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. కనకలక్ష్మికి సంతకం రాదని వేలిముద్ర వేసింది. ఆ కాగితం డబ్బాలోనే ఉంది. ఆయనకి చూపించి, తినేది తినకపోయేది ఆయన ఇష్టానికే వదిలెయ్యి. బలవంతం చెయ్యకు, మన ఇంట్లో అది ఎక్కువ.

రాణి ఈనింది. పెయ్య దూడ. అది తాగి తాగి పొట్ట బానలా పెట్టుకుని పడుకుంటే గానీ నేను చెంబు ముట్టుకోవడం లేదు. ఎప్పుడూ ముట్టుకోలేదనుకో, కానీ ఇప్పుడు కాస్త ఎక్కువ సేపు చూస్తున్నాను.

నీ మీద నాకు ఒకటే కోపం మిగిలింది. ఇన్ని ఉత్తరాలు రాశావు. ఆయన ఏం తిన్నాడో, నర్సయ్య ఏం తిన్నాడో, ఆ కొమురమ్మ ఏం తిన్నదో అన్నీ రాశావు. నువ్వు ఏం తింటున్నావో ఒక్కసారి రాయలేదు. నేనూ అడగలేదు, ఆ జర్మనీ ఆయన గొడవలో పడి నిన్ను మర్చిపోయాను. నా పెళ్ళినాటికి గౌను వేసుకుని తిరుగుతుండేదానివి, నా చేత్తో అన్నం తినిపించినదాన్ని, నేను అడగాల్సింది.

అందుకే ఈసారి డబ్బాకి మధ్యలో అట్ట అడ్డం పెట్టాను. ఒక పక్క బిళ్ళలుగా కోసినవి ఆయనవి. రెండో పక్క ఉండలు చుట్టినవి నీవి. పొరపాటున కూడా కలపకు. నీ ఉండల్లో నెయ్యి ఉంది, చాలా ఉంది.

మీ వదిన
మార్తమ్మ